దిష్టి చుక్క పెట్టిన రైఫిల్

వాషింగ్టన్ దగ్గర హెర్న్‌డన్‌లో జనవరి ఉదయం. ఆఫీసు పార్కింగ్ లాట్‌లో శశికాంత్ కారు దిగాడు. లంచ్ బాక్స్ కోసం వెనక సీటు వైపు వంగాడు. మళ్ళీ లేవలేదు.

ఒక్కటే తూటా. విన్నవాళ్ళు ఎవరిదో టైరు పేలిందనుకున్నారు.

శశికాంత్ శాటిలైట్ డ్రాయింగులు చూసే ఇంజనీరు. ఆ డ్రాయింగుల్ని దొంగిలించి విదేశాలకు అమ్మే ముఠా ఒకటుంది. ఆ ముఠా నాయకుణ్ణి కోర్టులో గుర్తు పట్టాల్సిన సాక్షులు ఇద్దరే. ఇప్పుడు ఒక్కరు మిగిలారు.

రోడ్డవతల పార్కింగ్ గరాజ్ పై అంతస్తులో రైఫిల్ దొరికింది. సెక్యూరిటీ వ్యాన్ రావడం చూసి హంతకుడు దాన్ని వదిలేసి పారిపోయాడు.

ఆ మధ్యాహ్నం, తలుపు మీద ఏ పేరూ లేని ఒక గదిలో, ఆ రైఫిల్‌ని విడదీసి తెల్లటి బట్ట మీద పరిచారు. బల్లకు ఒకవైపు చీఫ్ కోల్మన్. రెండో వైపు ఏజెంట్ భీమశంకర్.

"చెప్పు శంకర్."

"స్పోర్టింగ్ రైఫిల్. వేట కోసమని ఇంపోర్ట్ చేశారు. తర్వాత ఎవరో మార్చారు. స్టాక్ మారింది. పిస్టల్ గ్రిప్ వచ్చింది. ట్రిగ్గర్ గ్రూప్ మొత్తం కొత్తది."

"చట్టవిరుద్ధమా?"

"కాదు. అలా మార్చిన ఇంపోర్టెడ్ రైఫిల్‌లో, చట్టం చెప్పిన పార్టుల్లో విదేశీవి పదికి మించకూడదు. మిగతావి అమెరికాలో తయారవ్వాలి. వీడు ఆ లెక్క తప్పలేదు. హైవే మీద పోలీసు ఆపి డిక్కీ తెరిపించినా, చూసి హావ్ ఎ నైస్ డే అంటాడు."

"తూటా పేల్చేదాకా చట్టాన్ని గౌరవించే హంతకుడన్న మాట."

"అలాంటి వాళ్ళే దొరకరు సార్."

భీమశంకర్ భూతద్దం తీసుకుని హ్యామర్ మీద పెట్టాడు. ట్రిగ్గర్ లాగితే ఎగిరి ఫైరింగ్ పిన్‌ని కొట్టే ఉక్కు ముక్క అది. అమెరికాలో చేసిన పార్టుకు చేసినవాళ్ళ గుర్తు ఉంటుంది. దీని పక్కన కూడా ఉంది. నాలుగు రేకుల చిన్న పువ్వు. మధ్యలో గీతలు ముడి పడ్డ పువ్వు.

అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

ఆ పువ్వు అతనికి తెలుసు. అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు కార్పెట్ మీద ముగ్గు వెయ్యడం కుదరక, నాగమణి సుద్దముక్కతో తలుపు చట్రం మీద గీసేది. సరుకుల చీటీ చివర గీసేది. అతని సూట్‌కేసు లోపలి అంచున గీసేది.

నాగమణి అతని భార్య. పోయి రెండేళ్ళయింది.

చీఫ్ కళ్ళు రైఫిల్ మీద లేవు. భీమశంకర్ మొహం మీద ఉన్నాయి.

"ఎనీథింగ్?"

"పువ్వు గుర్తు సార్. అంతే."

"ఆ గుర్తు మిషిగన్‌లో నోవై దగ్గర ఒక మెషిన్ షాపుది. ఓనర్ చక్రధర్. కార్ల ఆర్డర్లు పోయాక తుపాకీ పార్టులు మొదలెట్టాడు. రెండో సాక్షి కూడా నోవైలోనే ఉన్నాడు. రామమోహన్, రిటైర్డ్ రాకెట్ సైంటిస్టు. కూతురి దగ్గరికి వచ్చాడు. ఆమెకి డెలివరీ అయ్యేదాకా ఇల్లు కదలనంటున్నాడు."

"బలవంతంగా కదిలించొచ్చు."

"కదిలిస్తే ముఠా కూడా కదిలిపోతుంది." చీఫ్ ఫైలు మూశాడు. "అక్కడ మనకో మనిషి ఉంది. భానుశ్రీ. రియల్ ఎస్టేట్ ఏజెంట్. ముఠా ఆమెను తమ మనిషనుకుంటోంది."

"నిజానికి ఎవరి మనిషి?"

"ప్రస్తుతానికి మన మనిషి."

*

నాగమణిది వీకెండ్ కాపురం. అతను హెర్న్‌డన్‌లో, ఆమె నోవైలో. ఉద్యోగాలు రెండు రాష్ట్రాల్లో ఉన్న తెలుగువాళ్ళ కాపురాలు చాలా అలాగే ఉంటాయి. శుక్రవారం విమానం, ఆదివారం విమానం. మధ్యలో పప్పు, చారు, బట్టలు ఉతకడం.

అతను ఇన్సూరెన్స్ ఆడిటర్‌నని చెప్పాడు. ఆమె కార్ల పార్టులు డిజైన్ చేస్తానని చెప్పింది. ఆడిటర్లకు చేతి మీద కాలిన మచ్చలు ఎందుకుంటాయని ఆమె అడగలేదు. కార్ల పార్టులు చేసే ఆమె చేతికి గన్ ఆయిల్ వాసన ఎందుకని అతనూ అడగలేదు. ఒకే కంచం దగ్గర ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకున్నారు.

రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో హైవే మీద ఆమె కారు మంచులో జారింది. హైవే పోలీసు ట్రూపర్ ఫోన్ చేసి, ఐసీయూలో ఉందని చాలా మర్యాదగా చెప్పాడు.

*

నోవైలో భీమశంకర్ పేరు పరంధామయ్య. గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి ఆరు నెలలకి వచ్చిన పెద్దాయన. నెరిసిన గడ్డం, మంకీ క్యాప్, రెండు స్వెట్టర్లు, కొడుకు పాత స్పోర్ట్స్ షూస్. వేషాలన్నిటిలో ఇంత గొప్ప వేషం అతను ఎప్పుడూ వేయలేదు. అమెరికాలో వాకింగ్‌కి వెళ్ళే తెలుగు తండ్రిని ఎవరూ చూడరు. పోలీసులు చూడరు. కార్లు చూడవు. కోడళ్ళు కూడా చూడరు.

చెవిలో హియరింగ్ ఎయిడ్. అది రేడియో. చేతిలో ఫ్లాస్క్. అది కాఫీ కాదు.

ఇండియన్ స్టోర్‌లో కూరల దగ్గర, నల్ల కోటు వేసుకున్న స్త్రీ బెండకాయలు విరిచి చూస్తోంది. ఆమె వచ్చిన దగ్గర్నుంచీ కౌంటర్ కుర్రవాడు తప్పు చిల్లర ఇస్తున్నాడు.

"కరివేపాకు వచ్చిందామ్మా?" అన్నాడు భీమశంకర్.

"వచ్చింది అంకుల్. చలికి నల్లబడింది."

"నల్లబడినా వాసన పోదు."

కోడ్ కుదిరింది. భానుశ్రీ నవ్వింది. ఇళ్ళు అమ్మే నవ్వు.

"మీరు ఇంకొంచెం వంగి నడవాలి అంకుల్. మా క్లయింట్ల ఫాదర్స్ అందరికీ మోకాళ్ళ నొప్పులు."

"నేర్చుకుంటాను. షాపులోకి ఎలా వెళ్ళాలి?"

"గ్రైండర్ షాఫ్ట్ పట్టుకెళ్ళండి. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళ గ్రైండర్లన్నీ చక్రధర్ దగ్గరే బాగవుతాయి. గోడ అవతల తుపాకులు, ఇవతల ఇడ్లీ పిండి."

బెండకాయలు సంచిలో వేస్తూ, అతని వైపు చూడకుండా అంది: "ఆయన దగ్గర ఒకావిడ పని చేసేది. నా ఫ్రెండ్. మంచిది."

భీమశంకర్ కరివేపాకు కట్ట తీసుకుని కౌంటర్ దగ్గరికి నడిచాడు. వంగి నడవడానికి కష్టపడాల్సిన అవసరం లేకపోయింది.

*

"ఏ ఊరు బాబాయ్ గారూ?" అన్నాడు చక్రధర్. లావుపాటి మనిషి. తల మీద సేఫ్టీ గ్లాసెస్, నుదుట విభూతి. గోడ మీద అతను వేటాడిన జింక తల.

"గుంటూరు నాయనా. మా కోడలి గ్రైండరు. షాఫ్టు అరిగింది. కొత్తది కొనుక్కోండి అంటాడు మావాడు. రాయి బంగారంలా ఉంటే కొత్తదెందుకు?"

"కరెక్టుగా చెప్పారు. ఇక్కడ పిల్లలకి పారెయ్యడమే తెలుసు." షాఫ్ట్‌ని వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇవి చేసే అమ్మాయి ఒకావిడ ఉండేది. నాగమణి అని. మనవైపే, నరసరావుపేట. లేత్ ముందు నిలబడితే ఉక్కు వెన్నలా తెగేది. పాపం, కారు జారి పోయింది."

"అయ్యో."

"ఆయుష్షు అంతే. ఆవిడ చేసినవి ఇంకా వాడుకుంటున్నాం చూడండి." గర్వంగా బెంచీ మీది ట్రే ముందుకు జరిపాడు. నూనె పూసిన హ్యామర్లు, వరుసగా. ప్రతి దాని మీదా పువ్వు. "ఇంపోర్టెడ్ రైఫిల్స్ కన్వర్ట్ చేసేవాళ్ళు కొంటారు. లీగల్‌గా ఉండాలంటే మేడ్ ఇన్ యూఎస్ఏ ఉండాలిగా. అందులో ఇది టాప్ క్వాలిటీ."

భీమశంకర్ కళ్ళజోడు సర్దుకుని వంగాడు.

పువ్వు పక్కన, కొంచెం కిందగా, నల్లటి చుక్క.

"ఇదేంటి నాయనా, మచ్చ?"

"చివరి బ్యాచ్‌కి మాత్రం పెట్టింది. ఎందుకో చెప్పలేదు. కస్టమర్లు అడిగితే లాట్ మార్క్ అంటున్నాం."

లాట్ మార్క్ కాదు. భీమశంకర్‌కి తెలుసు. కొత్త కారు కొన్నప్పుడు బంపర్ కింద కాటుకతో పెట్టింది అదే చుక్క. అతని కొత్త కోటు కాలర్ లోపల పెట్టింది. అతను నవ్వితే కోప్పడింది. "చూడచక్కని దానికి ఒక లోపం ఉండాలి. నేనే పెడితే ఇంకొకళ్ళు పెట్టరు," అంది.

ఆమె దిష్టి చుక్క పెట్టిందంటే, దానిలో లోపం ఉంది.

చక్రధర్ షాఫ్ట్ కొలతలు తీసుకోవడానికి వెనక్కి తిరిగాడు. అతను తిరిగి చూసేసరికి ట్రేలో ఒక హ్యామర్ తగ్గింది. పెద్దాయన చేతులు స్వెట్టర్ జేబుల్లో ఉన్నాయి.

ఆ హ్యామర్‌ని రాత్రంతా బయట మంచులో పెట్టాడు. తెల్లారాక తీసి, గరాజ్ సిమెంటు మీద సుత్తితో ఒక దెబ్బ కొట్టాడు. బిస్కెట్‌లా రెండు ముక్కలయింది.

ఉక్కుని కాల్చి, చల్లార్చి, మళ్ళీ నెమ్మదిగా వేడి చెయ్యాలి. ఆ రెండో వేడి ఆమె ఇవ్వలేదు. షూటింగ్ రేంజ్ వెచ్చదనంలో కొన్ని గుళ్ళు బాగానే పేలతాయి. చలికి బిగుసుకున్నాక విరుగుతుంది. నాగమణికి చేతకాక అలా చేసిందని ఎవరైనా అంటే, భీమశంకర్ వాణ్ణి కొట్టేవాడు.

అంటే ఆమెకు తెలిసిపోయింది. తన పార్టులు ఎవరి చేతుల్లోకి వెళ్తున్నాయో తెలిసి, తనకు చేతనైన పని చేసింది.

సీక్రెట్ ఏజెంట్ మొగుడికి తప్ప ఇంకెవరికి చెప్పుకుందో.

అతను గరాజ్ మెట్టు మీద కూర్చుని ఆ రెండు ముక్కల్ని మళ్ళీ అతికేలా పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. చెవిలో రేడియో "రిపోర్ట్, రిపోర్ట్" అంటూనే ఉంది.

*

రోజూ పొద్దెక్కాక రామమోహన్‌తో వాకింగ్. బక్కపలచటి మనిషి. రాకెట్ ఇంధనం గురించి అడిగితే నోరు విప్పడు. కూతురి వంట గురించి అడక్కుండానే చెప్తాడు.

"ఓట్స్ ఉప్మా అండీ పరంధామయ్య గారూ. గుర్రం కూడా మొహం తిప్పుకుంటుంది."

"ప్రాణానికి ముప్పు ఉందన్నారని నిన్న మీరే చెప్పారు కదా, బయట తిరక్కూడదేమో?"

"వాళ్ళు చెప్పార్లెండి. మా ఉజ్వలకి ఇవాళో రేపో నొప్పులు వస్తాయి. వాళ్ళమ్మ లేదు. నేను ఏ బంకర్లోనో దాక్కుంటే పక్కన ఎవరుంటారు? ఆవిడ పోయినప్పుడు నేను టెస్ట్ రేంజ్‌లో ఉన్నాను. మళ్ళీ అదే పని చెయ్యమంటారా?"

భీమశంకర్ ఆయన్ని లోపలివైపుకి తప్పించి, తను రోడ్డువైపు నడిచాడు. ఈయన చావకూడదు. డిపార్ట్‌మెంట్ కోసం కాదు. నాగమణి చేసిన ఉక్కు ఇప్పటికే ఒకణ్ణి చంపింది. ఇంకొకణ్ణి చంపితే ఆమె పేరు ముఠా ఫైల్లో ఉండిపోతుంది.

శనివారం రామమోహన్ ఇంకా బయటికి రాలేదు. భీమశంకర్ ఫ్లాస్క్ పట్టుకుని ఒక్కడే వీధి మలుపు తిరిగాడు. రామమోహన్ ఇంటి ఎదురిల్లు అమ్మకానికి ఉంది. మంచులో గుచ్చిన బోర్డు మీద ఫొటోలో భానుశ్రీ నవ్వుతోంది. ఇవాళ ఇల్లు ఎవరికీ చూపించడం లేదని నిన్ననే చెప్పింది.

తలుపు దగ్గర చాప మీద ఒక జత బూట్లు.

మంచులో నడిచే పెద్ద బూట్లు. మడమలు కలిపి, మొనలు బయటికి తిప్పి, శుభ్రంగా విడిచిపెట్టి ఉన్నాయి. కొనడానికి వచ్చిన అమెరికన్ బూట్లతోనే లోపలికి వెళ్తాడు. మనిషిని చంపడానికి పరాయి ఇంట్లోకి పోతూ కూడా గుమ్మం దగ్గర చెప్పులు విడిచేవాడు ఒక్కడే. తెలుగువాడు.

"టీమ్, ఎదురింటికి రండి," అన్నాడు కాలర్‌లోకి. చెవిలో గరగర తప్ప ఏమీ లేదు. రేడియోని ఎవరో జామ్ చేశారు.

భీమశంకర్ జీవితంలో మొదటిసారి షూస్ విప్పకుండా తెలుగువాడున్న ఇంట్లో అడుగుపెట్టాడు.

మేడ మీద గది. ఇంటిని వేడి చేసే ఫర్నేస్ ఆపేసి ఉంది. కిటికీ బార్లా తెరిచి ఉంది. పొద్దుటి నుంచీ తెరిచే ఉన్నట్టుంది, గదంతా ఫ్రీజర్. సాక్స్‌తో, మోకాళ్ళ మీద చక్రధర్. కిటికీ అంచున రైఫిల్. స్టాక్, గ్రిప్, అన్నీ చట్టప్రకారం.

తలుపు వెనక నుంచి పిస్టల్ భీమశంకర్ పక్కటెముకలకు తగిలింది.

"మోకాళ్ళ నొప్పులు తగ్గాయా అంకుల్?" భానుశ్రీ గొంతు. "సోమవారం కోర్టు అయ్యేదాకా మీరు ఇటు రాకుండా ఉంటే బావుండేది శంకర్ గారూ."

"పేరు తెలుసన్నమాట."

"నాగమణి పర్సులో మీ ఫొటో ఉండేది. ఇన్సూరెన్స్ ఆడిటర్. ఎంత నమ్మిందో!"

చక్రధర్ ఉలిక్కిపడి తిరిగాడు. "బాబాయ్ గారు నాగమణి భర్తా?"

"నువ్వు అటు చూడు," అంది భానుశ్రీ.

"ఆమె మీకు చెప్పుకుంది," అన్నాడు భీమశంకర్.

"చెప్పుకుంది. తన పార్టులు ఎవరికి పోతున్నాయో తెలిసిందని ఏడ్చింది కూడా. ఎవరికైనా చెప్పాలి, మా ఆయనకి చెప్తే భయపడతాడు, ఆయన చాలా సాదా మనిషి అంది." ఆమె గొంతులో నవ్వు లేదు. "నేను డబుల్ ఏజెంట్‌ని శంకర్ గారూ. నా పని నేను చేశాను. ఇద్దరికీ చెప్పాను. వీళ్ళకీ, వాషింగ్టన్‌లో మీ చీఫ్‌కీ. వీళ్ళు ఒక ట్రక్కు పంపారు. మీవాళ్ళు ఎవర్నీ పంపలేదు."

కిటికీలోంచి చలి వస్తోంది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. మంకీ క్యాప్‌తో రామమోహన్ గుమ్మంలోకి వచ్చాడు. పరంధామయ్య కోసం అటూ ఇటూ చూస్తున్నాడు.

"చక్రధర్," అన్నాడు భీమశంకర్. "ఆ హ్యామర్ ఎవరు చేసింది?"

"నువ్వు మాట్లాడకు," అంది భానుశ్రీ.

కానీ చక్రధర్‌కి తన షాపు పని మీద గర్వం ఎక్కువ. "ఆవిడదే. చివరి బ్యాచ్. అంత స్మూత్‌గా ఇంకేదీ ఉండదు."

"చుక్క ఉందా దాని మీద?"

"ఉంది. అయితే?"

భీమశంకర్ ఊపిరి వదిలాడు. పిస్టల్ ఇంకా పక్కటెముకల్లోనే ఉంది. దూకితే తను చస్తాడు, తర్వాత ఎదురింటి ముసలాయన చస్తాడు. ఈ భూమ్మీద అతను నమ్మదగ్గ వాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఒకే ఒకామె తప్ప. ఆమె రెండేళ్ళుగా లేదు.

"అయితే కాల్చు," అన్నాడు.

చక్రధర్ ఒక కన్ను మూశాడు. వేలు బిగిసింది.

టప్.

బెల్లం అచ్చు విరిచినంత చప్పుడు. అంతే. ఎదురింటి గుమ్మంలో రామమోహన్ తుమ్మి, మఫ్లర్ సరిచేసుకున్నాడు.

చక్రధర్ బోల్టు లాగాడు. పేలని గుండు బయటపడింది. మళ్ళీ ట్రిగ్గర్ నొక్కాడు. లోపల విరిగిన ఉక్కు గలగలమంది. భానుశ్రీ చూపు ఒక్క క్షణం అటు తిరిగింది. ఆ క్షణం చాలు. భీమశంకర్ ఫ్లాస్క్ మూత తిప్పి కళ్ళు మూసుకున్నాడు.

గది తెల్లగా పేలింది.

వెలుతురు తగ్గేసరికి భానుశ్రీ పిస్టల్ అతని చేతిలో ఉంది. చక్రధర్ కళ్ళు రుద్దుకుంటూ నేల మీద కూర్చున్నాడు.

"ఆవిడకి నేనేం తక్కువ చేశానండీ," అన్నాడు. "టైమ్‌కి జీతం ఇచ్చాను."

భీమశంకర్ రైఫిల్ తెరిచి, విరిగిన ముక్కలు అరచేతిలోకి తీసుకున్నాడు. పువ్వు ఒక ముక్క మీద. చుక్క ఒక ముక్క మీద. చల్లగా ఉన్నాయి. ఐసీయూలో ఆమె చెయ్యి కూడా ఇలాగే ఉండింది.

రేడియో మూగబోయిందని టీమ్ బయల్దేరినట్టుంది, వీధిలో సైరన్లు. ఎదురింటి నుంచి రామమోహన్ పిలుస్తున్నాడు: "పరంధామయ్య గారూ! రండి రండి! ఉజ్వలకి నొప్పులొచ్చాయి, హాస్పిటల్‌కి వెళ్తున్నాం!"

*

సోమవారం రామమోహన్ కోర్టులో వేలు చూపించాడు. ముఠా నాయకుడు తల దించుకున్నాడు. అప్పటికి రామమోహన్‌కి మనవరాలు పుట్టింది.

చక్రధర్ జైలుకి వెళ్ళాడు. భానుశ్రీ వెళ్ళలేదు. ఆమె ఎప్పుడూ మన మనిషేనని చీఫ్ సంతకం చేశాడు. ఆమె ఇంకో రాష్ట్రంలో ఇళ్ళు అమ్ముతోంది.

పేరు లేని గదిలో బల్ల మీద మళ్ళీ తెల్లబట్ట. మళ్ళీ ఒక రైఫిల్.

"నీకు తెలిసిపోయిందని నాకు తెలుసు," అన్నాడు చీఫ్. "అప్పుడు ఎవర్నైనా పంపితే భానుశ్రీ కవర్ పోయేది. నీ భార్య అని తెలిసే ఆ నిర్ణయం తీసుకున్నాను. ఐ యామ్ సారీ."

భీమశంకర్ బ్యాడ్జి తీసి బట్ట మీద, విడిభాగాల వరుసలో, ఇంకో పార్టులాగా పెట్టాడు.

చీఫ్ దానివైపు చూడకుండా లాబ్ రిపోర్టు తిప్పాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మాట్లాడాడు. "విదేశీ పార్టులు లిమిట్ లోపే ఉన్నాయి. ఈ రైఫిల్ కూడా పూర్తిగా లీగల్. ఒక్క కాలమ్ మిగిలింది. విరిగిన పార్టు ఎక్కడిది? ఇంపోర్టెడా, అమెరికనా?"

"చట్టం లెక్కలో అమెరికాది. నా లెక్కలో నరసరావుపేటది."

"ఒక్కటే రాయాలి శంకర్."

భీమశంకర్ కోటు తొడుక్కున్నాడు. కాలర్ లోపల కాటుక చుక్క ఎప్పుడో చెరిగిపోయింది. అయినా అక్కడ ఒకసారి వేలితో తడుముకున్నాడు.

"అయితే ఖాళీగా వదిలేయండి సార్. ఆవిడ విషయంలో మీకది అలవాటే."